ఎలిప్టికల్ మీద మోకాలికి పడే బరువెంత?

పరుగులో ఒక్కో అడుగు నేలను తాకినప్పుడు కాలి మీద పడే బలం శరీర బరువుకు 2 నుంచి 3 రెట్లుంటుంది. 70 కిలోల మనిషికి అది 140 నుంచి 210 కిలోలు మోపినంత. నిమిషానికి 160 అడుగుల చొప్పున అరగంట పరుగెత్తితే ఒక్కో కాలికి ఆ దెబ్బ 2,400 సార్లు తగులుతుంది. ఎలిప్టికల్ అనే వ్యాయామ మిషన్ మీద పాదం పెడల్‌ను వదలదు. పైకి లేచి మళ్లీ నేలకు కొట్టుకోవడం లేదు కాబట్టి ఆ అదురూ ఉండదు. పెడల్ మీద పడే బలం దాదాపు మన బరువు దగ్గరే ఆగుతుంది. మోకాళ్లలో గుజ్జు అరిగిందని డాక్టరు చెప్పగానే వ్యాయామమే మానేసేవాళ్లు మన ఇళ్లలో ఎందరో. వాళ్లు ముందుగా చూడాల్సిన లెక్క ఇదే.

అలాగని మోకాలికి పనే ఉండదనుకోవద్దు. నడకలో కంటే ఇక్కడ మోకాలు ఎక్కువగా వంగుతుంది. చిప్ప ముందు భాగంలో నొప్పి ఉన్నవాళ్లు రెసిస్టెన్స్ తగ్గించి, 5 నిమిషాలతో మొదలుపెట్టాలి.

మిషన్ తెర మీద కనిపించే క్యాలరీలను నేనైతే నమ్మను. చాలా మిషన్లు తొక్కేవారి బరువైనా అడగవు. ఊరికే కూర్చున్నప్పటి కంటే ఒక పనికి ఎన్ని రెట్ల శక్తి ఖర్చవుతుందో చెప్పే మెట్ లెక్క మేలు. ఊరికే కూర్చుంటే 1 మెట్, గంటకు 5 కిలోమీటర్ల నడకకు సుమారు 3.5, ఎలిప్టికల్ మీద మధ్యస్థ వేగానికి 5. బరువును మెట్‌తో, గంటలతో హెచ్చవేస్తే సరి: 70 × 5 × 0.5 = 175 క్యాలరీలు. అదే అరగంట నడకకు 122. తేడా ఒక ఇడ్లీ అంత. చిన్నదేమీ కాదు, ఎందుకంటే తగ్గిన ప్రతి కిలోకూ మోకాలి మీద అడుగడుగునా 4 కిలోల భారం తగ్గుతుందని 2005లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది.

పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అంటే కనీసం రోజుకు 30 నిమిషాలు, వారానికి 5 రోజులు. 50 ఏళ్లవారికి గుండె వేగం నిమిషానికి 109 నుంచి 129 మధ్య ఉంటే అది మధ్యస్థం. బీపీకి బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారికి మాత్రం ఈ అంకె పనికిరాదు. ఆ మందు గుండె వేగాన్ని పెరగనివ్వదు. మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి. వాళ్లకు అదే కొలత.

కొనేటప్పుడు ధర కంటే ముందు అడుగు పొడవు అడగండి. చవక మిషన్లలో అది 12 నుంచి 14 అంగుళాలే. 5 అడుగుల 7 అంగుళాలు దాటినవాళ్లు వాటి మీద మెట్లెక్కినట్టు కాళ్లు ఆడించాల్సి వస్తుంది. వాళ్లకు 18 నుంచి 20 అంగుళాలైనా కావాలి. ఎంత బరువు మోయగలదో కూడా చూడాలి. ఇంట్లో పెట్టే చోట సీలింగ్ ఫ్యాన్ రెక్కలను మరవకూడదు. పెడల్ పైకొచ్చినప్పుడు మనిషి నేల నుంచి మరో అడుగున్నర ఎత్తులో ఉంటాడు.

అదురు లేకపోవడం మోకాలికి మేలే. కానీ ఎముక గట్టిపడాలంటే దాని మీద కాస్త భారం పడాలి. నెలసరి ఆగిన స్త్రీలకు ఇది మరీ ముఖ్యం. అందుకే వారానికి 2 రోజులు కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి పుషప్‌లు తీయడం, నొప్పి లేనంత వరకు బరువులెత్తడం కూడా చేయాలి.