విమానం టికెట్టు చదువుదాం

తిరుపతి దగ్గర రేణిగుంటలో విమానాశ్రయం ఉంది. ఊరి నుంచి అక్కడికి సుమారు 15 కిలోమీటర్లు. 2015 అక్టోబరులో అక్కడ కొత్త భవనం తెరిచారు. దాని పేరు ‘గరుడ’. ఇక్కడి నుంచి హైదరాబాదుకు విమానాలు పోతాయి.

ఆకాశంలో దారి

తిరుపతి నుంచి హైదరాబాదుకు రోడ్డు దారి సుమారు 560 కిలోమీటర్లు. బస్సు కడప, కర్నూలు మీదుగా పోతుంది. దారిలో కొండలు అడ్డం వస్తాయి. రోడ్డు వాటిని చుట్టి పోవాలి. విమానానికి ఆ బాధ లేదు. దారం పట్టి లాగినట్టు దాదాపు తిన్నగా పోతుంది. అందుకే ఆకాశంలో దూరం సుమారు 415 కిలోమీటర్లే.

పెద్ద విమానం గంటకు 800 కిలోమీటర్లు పోగలదు. ఆ లెక్కన హైదరాబాదుకు అరగంట చాలు. కానీ టికెట్టులో గంట పైనే ఉంటుంది. ఎందుకు? విమానం ముందు నేల మీద నడవాలి. తన వంతు వచ్చేదాకా ఆగాలి. మెల్లగా పైకెక్కాలి. మళ్ళీ మెల్లగా దిగాలి. వీటికే సగం పొద్దు పోతుంది.

రెండు గడియారాలు

చిత్తూరు, కడప జిల్లాల నుంచి ఎందరో ఆడవాళ్ళు ఇంటిపనికి కువైట్ పోతుంటారు. చాలామంది చెన్నైలో విమానం ఎక్కుతారు. చెన్నై నుంచి కువైట్ సుమారు 3,800 కిలోమీటర్లు. దాదాపు 5 గంటల ప్రయాణం.

పాకాల నుంచి ఒకామె పోతోంది అనుకుందాం. టికెట్టులో ‘చెన్నై 10.00, కువైట్ 12.30’ అని ఉంది. ‘రెండున్నర గంటలేనా!’ అనుకుంటుంది ఆమె. కాదు. టికెట్టులో ఏ ఊరి టైము ఆ ఊరిదే రాస్తారు. కువైట్ మనకు పడమర. మనకు ముందు తెల్లారుతుంది, వాళ్ళకు తర్వాత. వాళ్ళ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. ఆమె కువైట్‌లో దిగేసరికి పాకాలలో మధ్యాహ్నం 3 గంటలు. అంటే ప్రయాణం 5 గంటలు.

ఫోనుకూ ఇదే లెక్క. అక్కడ రాత్రి 9 అయితే ఇక్కడ 11.30. ఇంట్లో పిల్లలు నిద్రపోయి ఉంటారు.

తేదీతో జాగ్రత్త

టికెట్టులో 24 గంటల లెక్క ఉంటుంది. 13.00 అంటే మధ్యాహ్నం 1 గంట. అంకె 13 గాని, అంతకు పైన గాని ఉంటే 12 తీసేయాలి. 18లో 12 పోతే 6. అంటే సాయంత్రం 6 గంటలు.

అర్ధరాత్రి 12 కాగానే తేదీ మారుతుంది. ‘15వ తేదీ, 00.40’ అని ఉంటే ఏమిటి అర్థం? 14వ తేదీ రాత్రి 12 దాటి 40 నిమిషాలు. వేరే దేశం పోయేవాళ్ళు 3 గంటలు ముందు చేరాలి. కాబట్టి 14వ తేదీ రాత్రి తొమ్మిదిన్నరకే విమానాశ్రయంలో ఉండాలి. 15వ తేదీ రాత్రి పోతే విమానం వెళ్ళిపోయి ఒక రోజు అయి ఉంటుంది. అప్పు చేసి కొన్న టికెట్టు వృథా అవుతుంది.

ఏజెంటు నోటిమాట ఒకటే నమ్ముకోకండి. టికెట్టు చేతికి తీసుకోండి. తేదీ, టైము, ఊరు మీరే కూడబలుక్కొని చదవండి.

లెక్క కట్టండి

కువైట్‌లో 18.00కు విమానం బయలుదేరింది. మరుసటి తేదీ 01.00కు చెన్నై చేరింది. ప్రయాణం ఎంత సేపు?

(జవాబు: నాలుగున్నర గంటలు)