మతి తప్పిన వృద్ధులకు ఆశ్రయము: మంచి ఆశ్రమమును గుర్తించుట ఎట్లు?

కర్నూలు జిల్లా పడమటి భాగమున కోసిగి, ఆలూరు, మంత్రాలయము ప్రాంతముల నుండి కుటుంబములకు కుటుంబములు సుగ్గికి బయలుదేరుట ఏటేట జరుగుచున్నదే. కొందరు గుంటూరు మిరపచేలకు, కొందరు బెంగుళూరు, హైదరాబాదు నగరములలోని కట్టడపు పనులకు పోవుదురు. కడప, రాయచోటి ప్రాంతముల నుండి కువైటుకు పోవువారి సంగతి అందరెరిగినదే. పోవువారు పని చేయగలవారు. ఇంటికడ మిగులువారు ముసలివారు. ఆ ముసలివారిలో ఒకరికి మతి తప్పినచో ఆ కుటుంబమునకు కలుగు చిక్కు సామాన్యమైనది కాదు. ఒంటరిగా ఇంట విడిచి పోరాదు. వెంట తీసికొనిపోవుటకు వీలుండదు. పనికి పోకున్న పూట గడువదు. అట్టి సమయమున “ఎక్కడనైనా మంచి ఆశ్రమమున్నదా?” యని వారు మొదట అడుగునది తమ వార్డు పంచాయతి సభ్యునే. ఆ ప్రశ్నకు సరియైన సమాధానము చెప్పుటకు తెలిసియుండవలసిన విషయములు ఈ వ్యాసమున వివరింపబడినవి.

ఇది చాదస్తము కాదు, జబ్బు

వయసు మళ్లినవారు పేర్లు మరచుట, కండ్లజోడు పెట్టిన చోటు మరచుట వింత కాదు. కాని అన్నము తినియు తినలేదని తగవులాడుట, నలుబది యేండ్లు నడచిన చేని దారి తప్పుట, కన్నకొడుకును “నీవెవరవు?” అని యడుగుట, ప్రొద్దు వాలగానే “మా యింటికి పోవలె”నని సొంత యింటి నుండియే బయలుదేరుట, ఇవి ముసలితనపు చాదస్తములు కావు, మెదడునకు వచ్చిన జబ్బు లక్షణములు. వైద్యులు దీనిని డిమెన్షియా యందురు. ఇందు ఎక్కువగా కనబడు రకమును 1906లో జర్మనీ దేశపు వైద్యుడు అలోయిస్ ఆల్జీమర్ మొదట వర్ణించెను. ఆ రకమునకు ఆయన పేరే నిలిచినది.

మన దేశమున అరువది యేండ్లు దాటినవారిలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షల మందికి, ఈ జబ్బు కలదని 2023లో ప్రకటింపబడిన జాతీయ స్థాయి అధ్యయనము అంచనా వేసినది. పట్టణములకంటె పల్లెలలోను, పురుషులకంటె స్త్రీలలోను ఎక్కువగా నున్నదని కూడ తెలిపినది. అరువది దాటినవారు మూడు వందల మంది గల గ్రామమున ఇరువది మందికి ఇట్టి జబ్బు ఉండవచ్చునని ఈ లెక్కను బట్టి ఊహింపవచ్చును.

ఆశ్రమమును వెదకుటకు ముందు వైద్యపరీక్ష జరుగవలెను. థైరాయిడు లోపము వలనను, బి-12 విటమిను లోపము వలనను, తలకు దెబ్బ తగిలి లోపల రక్తము గడ్డకట్టుట వలనను మతి తప్పవచ్చును. వీనికి చికిత్స కలదు. కర్నూలు, కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులలో చూపించి, వైద్యుడు వ్రాసి యిచ్చిన కాగితమును భద్రపరచిన పిమ్మటనే తక్కిన మాట.

అన్నము పెట్టిన చాలదు

1866 నాటి కరవులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గారు వేలాది జనులకు అన్నము పెట్టి ప్రాణములు నిలిపిన సంగతిని మన సీమ నేటికిని తలచుకొనుచున్నది. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టువాడు ధర్మాత్ముడే. కాని ఆకలిగొన్నవాడు అడుగగలడు, చాలకున్న చెప్పగలడు. మతి తప్పినవాడు దాహమైనను అడుగడు, ఎవరైన కొట్టినను చెప్పలేడు, చెప్పినను నమ్మువారుండరు. కావున ఈ జబ్బు గలవారిని చేర్చుకొను ఆశ్రమమును దాత మంచితనమును బట్టి గాని, భవనపు సొగసును బట్టి గాని అంచనా వేయరాదు. చెప్పుకొనలేని మనిషిని, బయటివారెవరును లేని వేళ, ఎట్లు చూచుచున్నారన్నదే అసలు పరీక్ష.

ఈ పరీక్ష జరుగనిచో ఏమగునో 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాడులోని యేర్వాడిలో లోకమునకు తెలిసినది. మానసిక రోగులనుంచిన ఒక పాకకు నిప్పంటుకొనగా, గొలుసులతో కట్టబడి కదలలేని 28 మంది మరణించిరి. అట్టి చోట్ల రోగులను చేర్చినవారు పగవారు కారు. చాలవరకు వారి కుటుంబములవారే.

ముందుగా చూడవలసిన పత్రములు

మొదట ఆ సంస్థ సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్టరైనదో లేదో చూడవలెను. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మానసిక వ్యాధికి చెప్పిన నిర్వచనమున జ్ఞాపకశక్తికి, స్థలకాలముల ఎరుకకు కలుగు తీవ్రమైన లోపమును కూడ చేర్చినది. కావున అట్టివారిని ఉంచుకొని చికిత్స చేయుదుమని చెప్పు సంస్థ రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ వద్ద రిజిస్టరు కావలసియుండును. నర్సింగు హోముగా నడచునదైనచో ప్రైవేటు వైద్య సంస్థలకు సంబంధించిన 2002 నాటి రాష్ట్ర చట్టము ననుసరించి కూడ రిజిస్ట్రేషను ఉండవలెను. కేంద్ర ప్రభుత్వపు అటల్ వయో అభ్యుదయ యోజన క్రింద, ఈ జబ్బు గల వృద్ధులను కనీసము 20 మందిని ఉంచుకొను ఆశ్రమములకు సహాయము లభించు ఏర్పాటు కలదు. అట్టి సహాయము పొందుచున్నామని చెప్పినచో మంజూరు పత్రమును చూపుమనవలెను. బోర్డుపై “ప్రభుత్వ గుర్తింపు పొందినది” అని వ్రాసియున్నంత మాత్రమున చాలదు. పత్రమును, దాని గడువు తేదీని చూడవలెను.

బెంగుళూరులో నైటింగేల్స్ మెడికల్ ట్రస్టు 2010లో ఈ జబ్బు గలవారికే ప్రత్యేక కేంద్రమును నెలకొల్పినది. కాని నగరములలోని అట్టి కేంద్రముల నెలసరి ఖర్చు సుగ్గికి పోవు కుటుంబమునకు అందునది కాదు. కావున మనవారు సాధారణముగా ఆశ్రయించునవి సమీప పట్టణములలోని మామూలు వృద్ధాశ్రమములు. తిరుగాడగల వృద్ధులకు చక్కగా సరిపోవు ఆశ్రమము మతి తప్పినవారికి సరిపోకపోవచ్చును. “ఇట్టివారిని ఇదివరకు ఉంచుకొంటిరా? ఇప్పుడు ఎందరున్నారు?” అని సూటిగా అడుగవలెను.

కండ్లార చూడవలసినవి

చూడబోవు వేళ ముఖ్యమైనది. ముందుగా కబురు చేసి పగలు పదకొండు గంటలకు పోయినచో కడిగిన నేల, ఉతికిన బట్టలే కనబడును. కబురు చేయక, దీపములు పెట్టు వేళకు పోవలెను. ఈ జబ్బు గలవారిలో అనేకులకు కలత హెచ్చునది ఆ వేళనే. అధికారివలె గాక, కుటుంబమునకు తోడుగా పోయి, ఈ క్రింది విషయములను గమనింపవలెను.

మొదటిది, పనివారు. పగలు ఎందరు, రాత్రి ఎందరు, రాత్రి మేలుకొని యుండువారెవరు అని అడుగవలెను. పిమ్మట ఒక పరిచారికను పిలిచి, ఎదుట కూర్చున్న అవ్వను గూర్చి ప్రశ్నింపవలెను. “ఆమెది ఆదోని దగ్గరి పల్లె; పత్తి తీసెడిది; కారము లేనిదే సంకటి ముట్టదు; ఉరుమునకు భయపడును” అని చెప్పగలిగినచో అది నమ్మదగిన చోటు. “అందరును పిచ్చివాండ్లే, ఏమని చెప్పుదును?” అన్నచో ఇక రెండవ ప్రశ్న అక్కరలేదు. భాషయు ముఖ్యమే. జబ్బు ముదిరినకొలది తరువాత నేర్చిన భాష జారిపోయి, చిన్ననాటి భాష మిగులుట కలదు. ఇంట ఉర్దూ గాని, కన్నడము గాని మాటలాడిన వారికి ఆ భాష తెలిసిన మనిషి ఒకరైన నుండవలెను.

రెండవది, నీరు, తిండి. మన ప్రాంతపు వేసవి యెండలో ఆరోగ్యవంతుడే తాళలేడు. వృద్ధులకు దాహము తెలియుట తగ్గును. మతి తప్పినవారికి చెంబు ఎదుట నున్నను త్రాగవలెనన్న తలంపు రాదు. కడవ నిండుగా నున్నదా యని గాక, గ్లాసు నోటికి అందించువారున్నారా యని చూడవలెను. నెలకొకసారి బరువు తూచి వ్రాయుచున్నారో లేదో పుస్తకము తెరచి చూడవలెను. బరువు నెలనెల తగ్గుచున్నను పట్టించుకొనని చోట తిండి సరిగా అందుటలేదనుకొనవలెను.

మూడవది, శరీర శుభ్రత. మంచము పట్టినవారిని సుమారు రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పకున్నచో తుంట్ల మీద, మడమల మీద పుండ్లు పడును. కుటుంబమువారు ఆ చోట్లను స్వయముగా చూడవలెను. ఫినాయిలు వాసన గట్టిగా వచ్చినంతనే శుభ్రమనుకొనరాదు. గోళ్లు, పక్కబట్టలు, మరుగుదొడ్డికి పోవు దారి, అచ్చటి రాత్రి దీపము చూడవలెను.

నాలుగవది, కట్టివేయుట. 2017 చట్టము ననుసరించి రోగిని గొలుసుతో కట్టుట ఏ విధముగను కూడదు. ఇతర విధముల కదలకుండ పట్టియుంచుట కూడ, తక్షణ ప్రమాదమును తప్పించుటకు వేరు మార్గము లేనపుడు మాత్రమే, మానసిక వైద్యుని అనుమతితో జరుగవలెను. పనివారు చాలకపోవుట అందుకు కారణము కారాదని చట్టము స్పష్టముగా చెప్పుచున్నది. మంచపు కోళ్లకు కట్టిన తాడో చీరముక్కయో కనబడినచో తప్పక అడుగవలెను. తిరుగవలెనను తహతహ గలవానికి కావలసినది తాడు కాదు. ప్రహరి గోడయు, చెట్టు నీడయు గల ఆవరణము.

ఐదవది, మందులు. పగలు మూడు గంటలకు కూడ అందరును మత్తుగా పడియున్నచో అది ప్రశాంతత కాదు. కలతను అణచుటకు వాడు కొన్ని మందులు ఈ జబ్బు గల వృద్ధులలో మరణాపాయమును హెచ్చించునని 2005లోనే అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ హెచ్చరించినది. ఏ మందును ఏ వైద్యుడు ఎప్పుడు వ్రాసెనో, తిరిగి ఎప్పుడు పరిశీలించెనో కాగితముపై ఉండవలెను. నిన్నటి వరకు నెమ్మదిగా నున్నవారు నేడు హఠాత్తుగా కలత చెందినచో మూత్రపు చీము, జ్వరము, మలబద్ధము వంటి కారణముండవచ్చును. అప్పుడు పిలువవలసినది వైద్యుని. ఇవ్వవలసినది మరియొక నిద్రమాత్ర కాదు.

ఆరవది, ప్రొద్దుపుచ్చు పని. వేరుశనగకాయలు ఒలుచుట, పూలు గ్రుచ్చుట, భజన వినుట వంటి చిన్న పనులు పాత అలవాటును నిలుపును. గోడ వైపు తిరిగి రోజంతయు కూర్చున్న మనుష్యులున్న చోట కొరత యేమో వేరుగా చెప్పనక్కరలేదు.

డబ్బు, భూమి, వేలిముద్ర

నెలసరి రుసుమెంత, ఆసుపత్రికి చేర్చవలసివచ్చిన ఖర్చు ఎవరిది, డిపాజిట్టు తిరిగి వచ్చునా అనునవి కాగితముపై నుండవలెను. మన రాష్ట్రమున వృద్ధాప్య పింఛను 2024లో నెలకు 4,000 రూపాయలకు పెంపబడినది. ఆ డబ్బు ఎవరి చేతికి పోవుచున్నదో, ఎవరికై ఖర్చగుచున్నదో విచారింపవలెను.

అన్నిటికంటె జాగ్రత్తపడవలసినది వేలిముద్ర విషయమున. తాను చేయుచున్నదేమో గ్రహింపలేని స్థితిలో ఉన్నవాడు చేసిన ఒప్పందము 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము చెల్లదు. ఆశ్రమమువారైనను, బంధువులైనను, అట్టివారిచేత నాలుగెకరముల మెట్టకు దస్తావేజు వ్రాయించుచున్నారని తెలిసినచో సభ్యుడు ఊరకుండరాదు. పోషించెదమన్న షరతుపై ఆస్తి పుచ్చుకొని పోషింపనివారి దస్తావేజును రద్దు చేయు అధికారమును తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము, 2007లోని 23వ సెక్షను ట్రిబ్యునలుకు ఇచ్చినది.

చేర్చిన పిమ్మట

చేర్చినంతతో బాధ్యత తీరదు. కొడుకు కువైటులోను, కూతురు బెంగుళూరులోను ఉన్నపుడు గ్రామము నుండి నెలకొకరు పోయి చూచివచ్చుటకు వంతు ఏర్పరచుట పంచాయతి సభ్యునికి కష్టమైన పని కాదు. బరువు పుస్తకము, శరీరము, మందుల కాగితము ఈ మూడింటిని చూచినచో సగము తెలియును. చెప్పక వచ్చినవారిని లోనికి రానీయని ఆశ్రమము నుండి మనిషిని తిరిగి తెచ్చుకొనుటయే మేలు.

దౌష్ట్యము గాని నిర్లక్ష్యము గాని కనబడినపుడు వృద్ధుల సహాయమునకై ఏర్పడిన 14567 నంబరుకు ఫోను చేయవచ్చును. మానసిక ఆరోగ్య విషయములలో సలహాకు 14416 నంబరు కలదు. 2007 చట్టము క్రింది ట్రిబ్యునలుకు రెవిన్యూ డివిజనల్ అధికారి స్థాయికి తగ్గని అధికారి అధ్యక్షుడు. అచ్చట ప్లీడరు అవసరము లేదు. పోషింపగలిగియు పోషింపని సంతానము నుండి నెలకు 10,000 రూపాయల వరకు భృతి ఇప్పింపవచ్చును. సంరక్షించు బాధ్యత గలవారు వృద్ధుని విడిచిపెట్టి పోయినచో 24వ సెక్షను క్రింద మూడు నెలల వరకు జైలు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. ఉచిత న్యాయ సహాయమునకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కలదు.

అయితే శిక్షకంటె ముందుజాగ్రత్త మేలు. సుగ్గి కాలము రాకమునుపే, ఆశా కార్యకర్త సహాయముతో, మతి తప్పిన వృద్ధులున్న యిండ్ల జాబితాను తయారుచేయవలెను. ఇరుగుపొరుగువారి తోడు, రెండు పూటల తిండి, నెలకొక వైద్యపరీక్ష ఏర్పడినచో కొందరు ఇంటనే ఉండగలరు. ఎరిగిన వాకిలి, ఎరిగిన ముఖము వారికి మేలు చేయును. తప్పనిసరియై ఆశ్రమమునకు పంపవలసివచ్చినవారి యెడల గ్రామమునకు మిగులు పని ఒక్కటియే. తన కష్టమును తాను చెప్పుకొనలేని ఆ మనిషిని, కబురు చేయక, సాయంకాలపు వేళ పోయి చూచుట. ఊరివారు చూడ వచ్చుచుందురని తెలిసిన చోట ఆ మనిషిని ఎవరును నిర్లక్ష్యము చేయ సాహసింపరు.