ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్: సెటప్ ఎలా చేయాలి, తర్వాత ఏం కలపాలి, దేనికి డబ్బు పెట్టకూడదు

కొత్త ఫోన్ కొనేటప్పుడు ముందు ప్రాసెసర్ ఏంటి, ర్యామ్ ఎంత అని చూస్తాం. ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎన్ని ప్యాడ్లున్నాయో లెక్కపెట్టి కొనేస్తాం. నిజానికి ముందు చూడాల్సింది మాడ్యూల్ వెనక భాగం. అక్కడ ఖాళీ సాకెట్లు ఎన్ని ఉన్నాయి, ఏ రకానివి ఉన్నాయి అనేదాన్ని బట్టే ఆ కిట్ రేపు ఎంతవరకు పెరుగుతుందో తేలిపోతుంది. ప్యాడ్లు ఎప్పుడైనా కొనుక్కోవచ్చు, సాకెట్లు కొనుక్కోలేం.

నేను హైదరాబాద్‌లో ఒక అద్దె ఫ్లాట్‌లో మూడో అంతస్తులో ఉంటాను. వాడేది అలెసిస్ నైట్రో మెష్. ఒక స్నేర్, మూడు టామ్‌లు, కిక్, హై-హ్యాట్, క్రాష్, రైడ్ కలిపి మొత్తం ఎనిమిది. ఇది బిగినర్స్ కిట్టే. కానీ ఇందులో నేర్చుకున్నవన్నీ దాదాపు ఏ కిట్‌కైనా పనికొస్తాయి. బాక్స్ తెరిచిన దగ్గర్నుంచి కంప్యూటర్‌కి కలిపే వరకు ఒక్కొక్కటిగా చూద్దాం.

లోపల జరిగేది ఏంటి?

ప్రతి ప్యాడ్ లోపలా పీజో అనే చిన్న బిళ్ల ఉంటుంది. దెబ్బ పడగానే అది కంపించి కొద్దిపాటి వోల్టేజ్ పుట్టిస్తుంది. కేబుల్ గుండా వచ్చిన ఆ వోల్టేజ్‌ని మాడ్యూల్ కొలిచి, దెబ్బ బలాన్ని 1 నుంచి 127 మధ్య ఒక అంకెగా మార్చి, దానికి తగ్గ సౌండ్ ప్లే చేస్తుంది. అంటే ప్యాడ్‌లో సౌండ్ అనేదే లేదు, అది కేవలం సెన్సర్. సౌండ్, సెట్టింగ్స్, కనెక్షన్లు అన్నీ మాడ్యూల్‌లోనే.

కేబుళ్లలో కూడా తేడా ఉంది. కొన్ని ప్యాడ్లలో ఒకే జోన్ ఉంటుంది, ఎక్కడ కొట్టినా ఒకటే సౌండ్. డ్యూయల్ జోన్ ప్యాడ్లో మధ్యలో కొడితే ఒకటి, అంచు మీద కొడితే ఇంకొకటి. దీనికి టీఆర్‌ఎస్ కేబుల్, అంటే ప్లగ్ మీద రెండు నల్ల గీతలున్న స్టీరియో కేబుల్ కావాలి. ఒకే గీత ఉన్న గిటార్ కేబుల్ పెడితే రెండో జోన్ పలకదు. సింబల్‌ని చేత్తో పట్టుకుని ఆపే చోక్ కూడా పనిచేయదు. 'ప్యాడ్ పాడైంది' అని సర్వీస్‌కి పరిగెత్తే ముందు ఒకసారి కేబుల్ చూసుకోండి.

అసెంబ్లీ: ముందు స్టూల్, తర్వాతే ర్యాక్

చాలామంది ర్యాక్ బిగించేసి చివర్లో కూర్చుంటారు. మీరు ముందు స్టూల్ ఎత్తు సరిచేసుకోండి. కూర్చున్నప్పుడు తొడలు మోకాళ్ల వైపు కొంచెం వాలి ఉండాలి. తర్వాత కుడికాలు హాయిగా పడే చోట కిక్, రెండు మోకాళ్ల మధ్య స్నేర్, ఎడమకాలి దగ్గర హై-హ్యాట్ పెడల్. ఈ మూడూ కుదిరాకే టామ్‌లు, సింబల్స్. చెయ్యి చాచి వంగాల్సి వస్తోందంటే అది దూరమైనట్టే. అంతా కుదిరాక క్లాంప్‌లు ఉన్న చోట ర్యాక్ పైపు మీద పెన్‌తో గుర్తు పెట్టుకోండి. ఇల్లు మారినప్పుడు ఆ గుర్తులే కాపాడతాయి.

మెష్ హెడ్స్ బిగించేటప్పుడు వరుసగా పక్క స్క్రూకి వెళ్లకండి. ఒకటి తిప్పాక దానికి ఎదురుగా ఉన్నది తిప్పాలి, బైక్ వీల్ నట్లు బిగించినట్టు. ఇక్కడ టెన్షన్ మారిస్తే శృతి మారదు, కర్ర ఎగిరే తీరు మారుతుంది. మరీ వదులుగా ఉంటే ఒక దెబ్బకి రెండు సౌండ్లు రావచ్చు.

నైట్రోలో అన్ని ప్యాడ్ల కేబుళ్లూ ఒకే 25 పిన్నుల కనెక్టర్ నుంచి గుత్తిలా వస్తాయి. ఒక్కొక్క దాని మీద పేరు ఉంటుంది, కాబట్టి కంగారు అక్కర్లేదు. వాల్యూమ్ సున్నాలో పెట్టి, పెడల్స్ మీద కాళ్లు తీసి, అప్పుడు పవర్ ఆన్ చేయండి.

కింది ఫ్లాట్ వాళ్ల సంగతి

హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఎవరికీ వినపడదని అంటుంటారు. ఇది సగమే నిజం. మా కిట్ వచ్చిన వారానికి కింది ఫ్లాట్ ఆంటీ పైకొచ్చి, "బాబూ, రాత్రిపూట మీ ఇంట్లో ఏంటో పిండి దంచుతున్నట్టు వినపడుతోంది" అన్నారు. వాళ్లింట్లో నెలల పాప ఉంది. ఆవిడ చెప్పింది కిక్ పెడల్ గురించి.

మెష్ మీద కర్ర చప్పుడు గాలిలో వెళ్తుంది, అది చిన్నదే. తలుపు వేస్తే సరిపోతుంది. కిక్ బీటర్ దెబ్బ, హై-హ్యాట్ పెడల్ తొక్కే దెబ్బ మాత్రం ర్యాక్ కాళ్ల గుండా నేరుగా స్లాబ్‌లోకి దిగుతాయి. కాంక్రీట్ ఆ కంపనాన్ని చక్కగా మోసుకెళ్తుంది. దీనికి కార్పెట్ వేస్తే కిట్ జారకుండా ఉంటుందే తప్ప, కింద వాళ్లకి పెద్ద తేడా తెలియదు.

డ్రమ్మర్లు ఎప్పటి నుంచో వాడే ఉపాయం టెన్నిస్ బంతుల ప్లాట్‌ఫామ్. రెండు ప్లైవుడ్ షీట్లు తీసుకుని, కింది దానికి బంతి కంటే కొంచెం చిన్న రంధ్రాలు కొట్టించి, వాటిలో బంతులు కూర్చోబెట్టి, పైన రెండో షీట్ పరవాలి. నేను 4 అడుగులు, 5 అడుగుల షీట్లు తీసుకుని 24 బంతులు పెట్టాను. కార్పెంటర్‌కి సగం రోజు పని. కిట్, స్టూల్ రెండూ దాని మీదే ఉండాలి. పై షీట్ గోడకి ఎక్కడా తగలకూడదు. తగిలిందా, కంపనం అటు నుంచి వెళ్లిపోతుంది.

దీంతో చప్పుడు పూర్తిగా పోలేదు, బాగా తగ్గింది. మిగతాది మాటతో సర్దుకున్నాం: సాయంత్రం 5 నుంచి 7 వరకే ప్రాక్టీస్. ఫ్లాట్‌లో ఉండేవాళ్లు కిట్ బడ్జెట్‌లోనే ఈ ప్లాట్‌ఫామ్ ఖర్చు కూడా కలిపి లెక్క వేసుకోండి. లేదంటే ఎంత మంచి కిట్ అయినా మూలన పడుతుంది.

ఈ నాలుగు సెట్టింగ్స్ మార్చి చూడండి

కిట్ 'ఫీల్ బాగాలేదు' అనిపిస్తే అప్‌గ్రేడ్ ఆలోచన పక్కన పెట్టి ట్రిగ్గర్ మెనూ తెరవండి. పేర్లు మాడ్యూల్‌ని బట్టి కొంచెం మారినా పని ఒకటే.

సెన్సిటివిటీ: దెబ్బకి ఎంత సౌండ్ అన్నది. మీరు మామూలుగా గట్టిగా కొట్టే దెబ్బకి ఫుల్ లెవెల్ రావాలి. ఇది ఎక్కువైతే చిన్న దెబ్బలూ పెద్దవిగానే పలుకుతాయి, మెల్లగా వాయించడం అన్నదే ఉండదు.

థ్రెషోల్డ్: ఎంత చిన్న దెబ్బ నుంచి లెక్కలోకి తీసుకోవాలన్నది. తక్కువ పెడితే స్టాండ్ కదిలినా మోగుతుంది. ఎక్కువ పెడితే మెత్తని దెబ్బలు మాయమవుతాయి.

క్రాస్‌టాక్: స్నేర్ గట్టిగా కొడితే పక్కన టామ్ కూడా మోగుతుందా? ర్యాక్ గుండా కంపనం వెళ్తోందన్నమాట. కొట్టకుండానే మోగిన ప్యాడ్‌కి ఈ విలువ ఒక్కో మెట్టు పెంచండి. మరీ పెంచితే రెండూ కలిపి కొట్టినప్పుడు ఒకటి ఎగిరిపోతుంది, కాబట్టి సమస్య ఆగిన చోటే ఆపేయండి.

రీట్రిగ్గర్: ఒక దెబ్బకి రెండు సార్లు మోగితే ఇది పెంచాలి. అతిగా పెంచితే వేగంగా వాయించే రోల్స్‌లో దెబ్బలు తప్పిపోతాయి.

ఒకేసారి ఒకే విలువ మార్చండి. మార్చే ముందు పాత అంకెలు ఫోన్‌లో ఫోటో తీసుకోండి.

బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ పనికొస్తాయా?

పనికిరావు. లెక్క చూడండి. 120 బీపీఎంలో ఒక బీట్ 500 మిల్లీసెకన్లు, అందులో నాలుగో వంతు 125 మిల్లీసెకన్లు. మామూలు బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో ఆలస్యం తరచుగా 100 నుంచి 200 మిల్లీసెకన్ల దాకా ఉంటుంది. మీరు తర్వాతి దెబ్బ కొడుతుండగా ముందు దెబ్బ వినపడుతుందన్నమాట. వీడియో చూసేటప్పుడు యాప్ బొమ్మని కూడా ఆలస్యం చేసి సరిచేస్తుంది కాబట్టి మనకి తెలియదు. మన చేతిని ఏ యాప్ కూడా ఆలస్యం చేయలేదు కదా! వైర్ ఉన్న, చెవులు మూసే హెడ్‌ఫోన్సే తీసుకోండి.

మరి కొన్ని కొత్త మాడ్యూల్స్‌లో బ్లూటూత్ ఎందుకు ఇస్తున్నారు? ఫోన్ నుంచి పాట మాడ్యూల్‌లోకి పంపడానికి. పాట కొంచెం ఆలస్యంగా వచ్చినా, వచ్చిన పాటకే మీరు వాయిస్తారు కాబట్టి ఇబ్బంది లేదు. స్పెక్స్‌లో బ్లూటూత్ అని చూడగానే హెడ్‌ఫోన్స్‌కి అనుకోవద్దు.

ఇంట్లో ఉన్న గిటార్ ఆంప్‌కి కలపడం కూడా అంత మంచిది కాదు. గిటార్ స్పీకర్లు పై ఫ్రీక్వెన్సీలు సరిగ్గా పలికించవు, సింబల్స్ మూగబోతాయి. కీబోర్డ్ ఆంప్ అయితే నయం.

ఇప్పుడు కిట్ పెంచుదాం

నైట్రో మాడ్యూల్‌కి 25 పిన్నుల గుత్తి కాకుండా రెండు అదనపు సాకెట్లున్నాయి: టామ్ 4, క్రాష్ 2. రోలాండ్ టీడీ-17లో కూడా క్రాష్ 2, ఆక్స్ అని రెండున్నాయి. మొదటి అప్‌గ్రేడ్‌గా చాలామందికి రెండో క్రాష్ ఉపయోగపడుతుంది. దానికి నాలుగు వస్తువులు కావాలి: సింబల్ ప్యాడ్, దాన్ని మోసే ఆర్మ్, క్లాంప్, టీఆర్‌ఎస్ కేబుల్. క్లాంప్ కొనే ముందు ర్యాక్ పైపు వ్యాసం కొలవండి. అన్ని కంపెనీల పైపులూ ఒకే సైజులో ఉండవు.

వేరే కంపెనీ ప్యాడ్ పెట్టొచ్చా? ఒకే జోన్ ఉన్న పీజో ప్యాడ్లు చాలావరకు సెట్టింగ్స్ సర్దితే పనిచేస్తాయి. డ్యూయల్ జోన్ సింబల్స్‌లో కొన్ని కలుస్తాయి, కొన్ని కలవవు, ఎందుకంటే అంచు దగ్గర కొందరు పీజో పెడతారు, కొందరు స్విచ్ పెడతారు. అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది హై-హ్యాట్ పెడల్. దాన్ని మాత్రం మాడ్యూల్ కంపెనీదే తీసుకోండి. ఇంకో జాగ్రత్త: రోలాండ్ వారి పీడీ-140డీఎస్ స్నేర్ లాంటి డిజిటల్ ప్యాడ్లు యూఎస్‌బీతో కలుస్తాయి. ఆ డిజిటల్ ట్రిగ్గర్ సాకెట్ ఉన్న టీడీ-27, టీడీ-50 లాంటి మాడ్యూల్స్‌కే అవి పనికొస్తాయి. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికిందని తీసుకుంటే షోకేస్‌లో పెట్టుకోవాల్సిందే.

సాకెట్లు అయిపోయాయా? మన దగ్గర ఆర్కెస్ట్రాల్లో, చర్చిల్లో వాయించేవాళ్ల ఇళ్లలో ఆక్టోప్యాడ్ ఉండటం మామూలే. దాన్ని స్టాండ్ మీద ఎడమవైపు పెట్టి, దాని లైన్ అవుట్‌ని మాడ్యూల్ ఆక్స్ ఇన్‌కి ఇవ్వండి. ఒక్క ట్రిగ్గర్ సాకెట్ కూడా ఖర్చు కాకుండా తబలా, డోలక్ టోన్లన్నీ అదే హెడ్‌ఫోన్‌లో వచ్చేస్తాయి. కొత్త మాడ్యూల్ కొనేలోపు చేయదగ్గ చవకైన పని ఇది.

ఫోన్, కంప్యూటర్

కిట్ మాడ్యూల్‌లో ఉన్న సౌండ్స్ బోర్ కొట్టినప్పుడు మిడి రంగంలోకి వస్తుంది. 1983లో వచ్చిన ఈ స్టాండర్డ్ ఇప్పటికీ అలాగే పనిచేస్తోంది. మాడ్యూల్ సౌండ్ పంపదు, 'ఫలానా నంబర్, ఇంత బలం' అని మాత్రమే పంపుతుంది. జనరల్ మిడి ప్రకారం కిక్ 36, స్నేర్ 38, మూసిన హై-హ్యాట్ 42, తెరిచినది 46, క్రాష్ 49, రైడ్ 51. సాఫ్ట్‌వేర్‌లో స్నేర్ కొడితే ఇంకేదో మోగుతోందంటే ఈ నంబర్లు కలవలేదని అర్థం. సాఫ్ట్‌వేర్‌లో గానీ మాడ్యూల్‌లో గానీ మార్చుకోవాలి.

ఆండ్రాయిడ్ 6.0 నుంచి యూఎస్‌బీ మిడి సపోర్ట్ ఉంది, ఓటీజీ అడాప్టర్ చాలు. కానీ ఆడియో ఆలస్యం ఫోన్ మోడల్‌ని బట్టి మారుతుంది. ఐఫోన్ ఉంటే గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం. సీరియస్‌గా చేయాలంటే కంప్యూటరే నయం. ఎంటీ పవర్ డ్రమ్ కిట్ 2 అనే ఉచిత ప్లగిన్‌తో మొదలుపెట్టండి. విండోస్‌లో ఏసియో డ్రైవర్ వేసుకుని బఫర్ 128 శాంపిల్స్‌లో పెట్టండి. 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర అది సుమారు 2.9 మిల్లీసెకన్లు. మొత్తం ఆలస్యం దీనికంటే కొంత ఎక్కువే ఉంటుంది, అయినా చేతికి తెలియనంత. పటపటమని విరుగుతుంటే 256కి పెంచండి.

నాకు నచ్చిన ఉపయోగం ఇంకొకటి: ఊళ్లో రికార్డ్ చేసుకున్న డప్పు దెబ్బల్ని శాంప్లర్ ప్లగిన్‌లో వేసి టామ్ 4 నంబర్‌కి కలిపాను. ఏ కంపెనీ బిగినర్ కిట్ కొన్నా రాని సౌండ్ అది.

ఖర్చు ఏ వరుసలో?

నా సలహా ఇది. ముందు మంచి స్టూల్, వైర్డ్ హెడ్‌ఫోన్స్, ఫ్లాట్ అయితే ప్లాట్‌ఫామ్. తర్వాత మంచి కిక్ పెడల్, ఎందుకంటే రేపు అకౌస్టిక్ డ్రమ్స్‌కి మారినా అది మీతో వస్తుంది. ఆ తర్వాత ఉచిత సాఫ్ట్‌వేర్. అప్పటికీ చేతులు ఇంకా ఏదో వెతుక్కుంటుంటే రెండో క్రాష్. మాడ్యూల్ మార్చడం అన్నిటికంటే చివర.

సెకండ్ హ్యాండ్ కిట్ చూడ్డానికి వెళ్తే మీ హెడ్‌ఫోన్స్ పట్టుకెళ్లండి. ప్రతి ప్యాడ్నీ మెల్లగా, గట్టిగా, అంచు మీద కొట్టి చూడండి. మాడ్యూల్ వెనక కేబుళ్లు కొంచెం కదిపి సౌండ్ తెగుతోందేమో వినండి. చిరిగిన మెష్ మార్చుకోవచ్చు, సాకెట్ వదులైన మాడ్యూల్‌ని మాత్రం ఎంత తక్కువకి ఇచ్చినా వద్దనండి.