చీనీ బండి చలిదేశం పోయేముందు

మా రామగిరి నుంచి చెన్నేకొత్తపల్లి మీదుగా హైవే ఎక్కి ఉత్తరం తిరిగితే ఆ రోడ్డు శ్రీనగర్‌లో గానీ ఆగదు. ఇప్పుడు దాని నంబరు 44. మా వయసు డ్రైవర్లకు మాత్రం అది ఇంకా సెవెన్ రోడ్డే. అనంతపురం చీనీకాయలు (బత్తాయిలు) ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీకి పోయేది ఈ దారినే. అక్కడ లోడు దింపినాక కిరాయి కుదిరితే జమ్మూ, ఆపైన కాశ్మీరు. వచ్చేటప్పుడు ఆపిల్ పెట్టెలు. అందుకే కార్తీకం దాటినాక నా షెడ్డుకు ఏ బండి వచ్చినా "ఎక్కడిదాకప్పా?" అని అడిగి గానీ స్పానర్ పట్టను.

మన బండ్లు ఎండకు అలవాటుపడినవి. రేడియేటర్‌లో నీళ్ళు తగ్గితే దారిలో ఏ బోరు దగ్గరో క్యాను నింపి పోసేస్తారు. ఏడాది పొడుగునా ఇదే పని. చలికాలం వచ్చేసరికి అందులో కూలెంట్ పేరుకే మిగిలి ఉంటుంది. మామూలు నీళ్ళు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతాయి, ఆ ఉబ్బుకు ఇనుప బ్లాకు కూడా పగులుతుంది. పాత నీళ్ళు పూర్తిగా దించి, కడిగి, కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం పోస్తే సున్నాకు కింద 35 డిగ్రీల దాకా భయం లేదు. "ఇంకా ఎక్కువ పోస్తే ఇంకా మంచిది కదన్నా" అంటారు కొందరు. కాదు. నీళ్ళు కలపని కూలెంట్ మైనస్ 13 దగ్గరే గట్టిపడుతుంది. నా దగ్గర రిఫ్రాక్టోమీటర్ ఉంది, జానెడు గొట్టం. గాజు మీద ఒక చుక్క వేసి వెలుతురుకేసి చూస్తే లోపల నీలం గీత ఏ డిగ్రీ దగ్గర ఆగిందో కనబడుతుంది. నా మాట నమ్మనివాళ్ళ చేతికే ఆ గొట్టం ఇస్తాను.

అసలు తంటా డీజిల్‌తో. డీజిల్‌లో మైనం ఉంటుంది. చలి ముదిరితే అది పేరుకొని ఫిల్టర్‌ను మూసేస్తుంది. బండి సెల్ఫ్‌కు చక్కగా అందుకుంటుంది, పైపుల్లో ఉన్న డీజిల్‌తో కొంతసేపు నడుస్తుంది, తర్వాత ఘాట్ మధ్యలో గొంతు నొక్కినట్టు ఆగిపోతుంది. మన దేశపు ప్రమాణాల ప్రకారం ఎండాకాలం డీజిల్ 18 డిగ్రీల దాకా, చలికాలం డీజిల్ 6 డిగ్రీల దాకా ఫిల్టర్‌లో పారితే చాలు. శ్రీనగర్‌లోనేమో 2024 డిసెంబరులో ఒక రాత్రి మైనస్ 8.5కు పడింది. లడఖ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుకే ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో అక్కడికోసం మైనస్ 33 దాకా పారే డీజిల్‌ను పానిపట్ రిఫైనరీలో తయారుచేసి దించింది.

ఇక్కడ పోసుకున్న డీజిల్ ఎటూ ఢిల్లీ చేరకముందే అయిపోతుంది. జాగ్రత్త పడాల్సింది ఆ తర్వాత. పంజాబ్ మైదానంలో రేటు చూసి ఫుల్ ట్యాంక్ కొట్టించకుండా కాస్త తగ్గించుకుని పోయి, జమ్మూ దాటినాక అక్కడి బంకులో నింపుకోవాలి. బయల్దేరేముందు డీజిల్ ఫిల్టర్ మార్చాలి, ఇంకొకటి సీటు కింద పెట్టుకోవాలి. వాటర్ సెపరేటర్‌లో నీళ్ళు రోజూ వదలాలి, మైనంతో పాటు ఆ నీళ్ళూ గడ్డకడతాయి. వెనకటికి కిరసనాయిలు కలిపేవాళ్ళు. ఇప్పటి బీఎస్-6 బండ్ల పంపుకు డీజిల్ జిడ్డే ప్రాణం, కిరసనాయిలు కలిపితే పంపు అరిగిపోతుంది. ట్యాంకు కింద కాగితాలు మండించేవాళ్ళ గురించి నేనేం చెప్పను!

తర్వాత గాలి. ఎయిర్ ట్యాంకు కింద డ్రైన్ కాక్ ఉంటుందని మరిచిపోయిన డ్రైవర్లు చాలామంది. దాన్ని లాగితే బుస్సుమని బూడిదరంగు నీళ్ళు, నూనె కలిసి పాలలాగా చిమ్ముతాయి. మన ఎండలో అవి ఏళ్ళతరబడి అలాగే పడి ఉన్నా బండి నడుస్తుంది. కాశ్మీరు దారిలో బనిహాల్ దగ్గర అవే వాల్వులో మంచుగడ్డయితే బ్రేకు పట్టదు, పట్టినా వదలదు. ఎయిర్ డ్రయర్ కార్ట్‌రిడ్జ్ మార్చమంటే ఓనర్లు ముఖం చిట్లిస్తారు. చలిదేశం పోయే బండికి నేను అది మార్చకుండా పంపను. ఇంకొకటి, నీళ్ళలో దిగి వచ్చిన బండిని వెంటనే పార్కింగ్ బ్రేకు వేసి నిలబెట్టొద్దు. మెల్లగా నాలుగుసార్లు బ్రేకు తొక్కి లైనింగ్ ఆరనివ్వాలి, లేకుంటే తెల్లారేసరికి డ్రమ్ముకు అతుక్కుంటుంది.

బ్యాటరీ పాతదైతే అక్కడ దాని బండారం బయటపడుతుంది, ఇక్కడే లోడ్ పెట్టి చూసుకోవాలి. టైర్ల గాలి సంగతి కూడా అంతే. ఇక్కడ 25 డిగ్రీల దగ్గర 110 పట్టిస్తే మైనస్ 5లో 12 పౌండ్ల దాకా తగ్గి చూపిస్తుంది. పంక్చర్ అనుకొని కంగారుపడొద్దు, చల్లగా ఉన్నప్పుడే కొలిచి నింపుకోవాలి. పొగను శుభ్రం చేసే యూరియా నీళ్ళు మైనస్ 11కు గడ్డకడతాయి గానీ ఇంజిన్ వేడికి కరుగుతాయి. అయితే ఆ ట్యాంకును గొంతుదాకా నింపొద్దు, గడ్డ ఉబ్బడానికి చోటుండాలి.

కాశ్మీరు పోని బండ్లకు కూడా పని ఉంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున పెనుకొండ దాటి పాలసముద్రం వైపు పోతుంటే మంచుకు ముందు బండి కనబడదు. ఆగ్రా నుంచి అంబాలా దాకా అయితే పొగమంచు ఇంకా దట్టం. హెడ్‌లైటు డిమ్‌లో పెట్టాలి, బ్రైట్ వేస్తే మంచు ఆ వెలుగును మన కళ్ళలోకే తిప్పికొడుతుంది. బండి నడుస్తున్నప్పుడు నాలుగు ఇండికేటర్లూ వేసి ఉంచితే ఎటు తిరుగుతున్నావో వెనకవాడికి తెలియదు. వెనక ఎర్ర రిఫ్లెక్టర్ టేపు మీది బురద తుడవడానికి తడిగుడ్డ చాలు, పైసా ఖర్చు లేదు. అయినా నా షెడ్డుకు వచ్చే బండ్లలో అది తుడిచి ఉన్నవి తక్కువ.

మళ్ళీ కాశ్మీరు దారికి వస్తే, ఇప్పుడు కాజీగుండ్, బనిహాల్ మధ్య 8.45 కిలోమీటర్ల సొరంగం ఉంది, 2021లో తెరిచారు. కట్టింది మన నవయుగ కంపెనీయే. కొండెక్కి పాత జవహర్ సొరంగం దాకా పోవాల్సిన బాధ తప్పింది. కానీ రాంబన్ దగ్గర కొండచరియ విరిగితే రోజులతరబడి లైనులో నిలబడాల్సిందే. రెండు మూడు రోజులకు తిండి, నీళ్ళు, కంబళ్ళు క్యాబిన్‌లో ఉండాలి. పొయ్యి, బొగ్గుల కుంపటి మాత్రం క్యాబిన్‌లో వెలిగించొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, పడుకున్నవాడికి దగ్గు కూడా రాదు. అద్దం కాస్త దించితే చాలదా అని క్లీనర్ పిల్లలు అడుగుతారు. చాలదు. చలేస్తే ఇంకో కంబళి కప్పుకోమంటాను, లేదంటే దిగిపోయి ధాబాలో పడుకోమంటాను.