ఇసుకతిన్నెలపై వెదురు గుడిసెలు

బాటసారికి ఒక రాత్రి నీడ చూపడం తెలుగునాట అనాదిగా ఉన్న ఆచారం. సత్రం, మఠం, చావడి, పూటకూళ్ళ ఇల్లు అనే మాటలన్నీ ఆ ఆచారం నుండి పుట్టినవే. ఓరుగల్లు నగరంలో ఒక్క రూక ఇచ్చి కమ్మని భోజనం చేయగల పూటకూటింటిని క్రీడాభిరామం వర్ణించింది. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మ (1841–1909) రూక కూడా పుచ్చుకోకుండా వేళగాని వేళ వచ్చినవారికి సైతం అన్నం పెట్టింది. ఈ విడుదుల్లో ఒక ప్రత్యేకమైన తెగ నీటి ఒడ్డున వెలసినవి. వీటిలో గోడలు, మంచాలు నామమాత్రం. వచ్చినవాడు వాటికోసం రాడు, ఎదుట ఉన్న నీటికోసం వస్తాడు. శ్రీలంక తూర్పుతీరంలోని అరుగంబేలో అలలపై పలకలతో స్వారీ చేసే యువకుల కోసం తాటాకు కప్పిన చిన్న చిన్న గదులు వెలిశాయి. అలల కాలం ముగియగానే అక్కడి సందడి సన్నగిల్లుతుంది. అటువంటి విడిదికి తెలుగుదేశంలో దగ్గరి ఉదాహరణ సముద్రతీరంలో కాక, పోలవరానికి ఎగువన పాపికొండల నడుమ, గోదావరి ఇసుకతిన్నెలపై కనిపించింది. అవే కొల్లూరు వెదురు గుడిసెలు.

శబరిని కలుపుకొని వచ్చిన గోదావరి తూర్పుకనుమలను చీల్చుకొని మైదానంలోకి దిగే తావు ఇది. ఎగువన విశాలంగా పరచుకొన్న నది ఇక్కడ రెండు కొండల నడుమ ఇరుకున పడి, లోతుగా, మౌనంగా సాగుతుంది. రెండుగా దువ్విన కురుల నడుమ పాపిటవలె నది కనిపించడం చేత ఇవి పాపిడి కొండలయ్యాయని, వాడుకలో పాపికొండలుగా మారాయని చెబుతారు. ఈ వ్యుత్పత్తి నిఘంటుకారులకు ఎంత సమ్మతమో గాని, పడవ ముందుభాగాన నిలిచి చూసినవారెవరూ కాదనలేరు. 1978లో అభయారణ్యంగా, 2008లో జాతీయ ఉద్యానవనంగా ఈ కొండలకు గుర్తింపు లభించింది. దిగువన పట్టిసం దాటి, పోలవరం దాటి, ఎదురు ప్రవాహంలో వెళ్ళే లాంచీ ప్రయాణం ఉభయగోదావరి జిల్లాల వారికి తరతరాలుగా పరిచితం. రాజమండ్రి నుండి భద్రాచలానికి సాగే పడవ ప్రయాణమే కథగా 2006లో 'గోదావరి' చలనచిత్రం వచ్చింది.

లోయ ఇంత ఇరుకైనప్పుడు ఇసుకతిన్నె ఎక్కడిది? నది వంపు తిరిగినచోట వెలుపలి ఒడ్డును ఒరుసుకొంటూ నీరు వడిగా పారుతుంది, దానిని కోసి లోతు చేస్తుంది. లోపలి ఒడ్డున వడి తగ్గుతుంది. వడి తగ్గిన నీరు మోసుకొచ్చిన ఇసుకను మోయలేక అక్కడే దించివేస్తుంది. ఏటా వర్షాకాలంలో జరిగే ఈ పనివల్లనే పేరంటాలపల్లికి చేరువలో, కొల్లూరు వద్ద, కొండ పాదాన తెల్లని తిన్నెలు ఏర్పడ్డాయి. అందుచేత ఆ తిన్నె ఏ సంవత్సరమూ నిరుటి తిన్నె కాదు. వరద దాని అంచులను మారుస్తుంది, కొన్నిచోట్ల కోస్తుంది, కొన్నిచోట్ల పోస్తుంది.

అటువంటి నేలపై ఇటుక గోడ కట్టడం అవివేకం. వెదురు మాత్రం అక్కడికి సహజంగా తగిన వస్తువు. కొండమీదనే పెరుగుతుంది, తేలికగా ఉంటుంది, వంగుతుంది, విప్పి మళ్ళీ కట్టుకోవచ్చు. నిట్రాళ్ళు పాతి, చీల్చిన వెదురుతో అల్లిన తడికలు బిగించి, పైన ఆకో గడ్డో కప్పితే గుడిసె సిద్ధం. తడికల సందుల్లోంచి నదిగాలి ఒకవైపునుండి ప్రవేశించి మరొకవైపునకు పోతుంది. పగలు కాలు మోపనీయకుండా కాలే ఇసుక, ప్రొద్దు గూకిన కొద్దిసేపటికే చల్లారుతుంది. ఇసుక వేడిని త్వరగా గ్రహించి త్వరగా విడిచిపెట్టడమే దీనికి కారణం. అందుకే మైదానంలో ఉక్కపోత వేధించే రాత్రులలో సైతం ఇక్కడ దుప్పటి అవసరమయ్యేది.

ఈ విడిదికి నదియే పంచాంగం. వరదలు తగ్గి నీరు తేటపడిన తరువాత గుడిసెలు లేచేవి. శీతకాలమంతా యాత్రికులతో కళకళలాడేవి. తొలకరి వరదకు ముందే తిన్నె మళ్ళీ నదికి అప్పగించవలసిందే. యాత్రికులు ఉదయం పడవ ఎక్కి, పడవలోనే భోజనం ముగించి, పేరంటాలపల్లిలో బాలానందస్వామి నెలకొల్పిన శ్రీరామకృష్ణ మునివాటాన్ని దర్శించి, సాయంకాలానికి తిన్నెమీద దిగేవారు. చీకటి పడ్డాక చలిమంట, కబుర్లు, నీటి చప్పుడు. విద్యుత్తు లేనిచోట జనరేటరు ఆగిన తరువాతనే అసలు రాత్రి మొదలయ్యేది. కొండలు ఆకాశాన్ని ఇరువైపులా కోసివేయగా మిగిలిన నక్షత్రాల పట్టీ, క్రింద నదిపట్టీ, రెండూ ఒకే వెడల్పున కనిపించేవి. పట్టణపు సౌకర్యాలు కోరినవారు సణిగేవారు. ఒక్క రాత్రికి సణుగుడు వెల ఎక్కువేమీ కాదు.

ఈ సౌందర్యం వెనుక ఒక జాతి శ్రమ ఉంది. కొండరెడ్లు ఈ కొండల మూలవాసులు. ప్రభుత్వం వీరిని ఆదిమ గిరిజన తెగలలో చేర్చింది. పోడు వ్యవసాయం, జీలుగు చెట్టు, వెదురు వీరి జీవనాధారాలు. పేరంటాలపల్లి రేవులో వీరు వెదురుతో చేసిన పూలు, బొమ్మలు యాత్రికులకు అమ్ముతారు. 2006 నాటి అటవీహక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించి, దాని సేకరణపై అడవిబిడ్డలకు హక్కు కల్పించింది. యాత్రికుడు గుడిసెలో ఒక రాత్రి అనుభవించి మెచ్చుకొన్న వెదురు పనితనం వారికి నిత్యజీవితం.

నది అందాన్ని మాత్రమే చూసి దాని బలాన్ని మరచినవారికి 2019 సెప్టెంబరు 15 గుర్తుండాలి. గండిపోచమ్మ ఆలయం వద్ద బయలుదేరిన రాయల్ వశిష్ఠ అనే పర్యాటక పడవ కచ్చులూరు వద్ద వరద పోటులో మునిగిపోయింది. పడవలోని 77 మందిలో 26 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు. నెల దాటిన తరువాత, అక్టోబరు 22న, కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఆ పడవను నదిగర్భం నుండి వెలికితీసింది. ఇరుకు లోయలో వరదనీరు సుడులు తిరుగుతుందని అక్కడి సరంగులకు తెలియనిది కాదు. వరద ఉండగా పడవను విడవడమే ప్రమాదానికి మూలం. తరువాత విహారయాత్రలను చాలాకాలం నిలిపివేసి, రేవుల వద్ద కంట్రోలు రూములు నెలకొల్పారు.

గుడిసెల భవితవ్యాన్ని నిర్ణయించేది మాత్రం పడవలు కావు, పోలవరం ఆనకట్ట. 1980లో శంకుస్థాపన జరిగి, 2004 తరువాత పనులు ఊపందుకొని, 2014లో జాతీయ ప్రాజెక్టుగా ప్రకటింపబడిన ఈ నిర్మాణం పూర్తయితే 194.6 టి.ఎం.సి.ల నీరు నిలుస్తుంది. 7.2 లక్షల ఎకరాలకు కొత్తగా సాగునీరు, 960 మెగావాట్ల జలవిద్యుత్తు దీని లక్ష్యాలు. డెల్టా రైతుకు, మెట్టరైతుకు ఇవి చిన్న మాటలు కావు. అయితే పూర్తి నీటిమట్టమైన 45.72 మీటర్లకు నీరు నిలిచినప్పుడు వెనుక లోయ జలాశయమవుతుంది. సుమారు లక్ష కుటుంబాలు స్వస్థలాలను విడవవలసి ఉంటుంది. ముంపు మండలాలను 2014లో తెలంగాణ నుండి ఆంధ్రప్రదేశ్‌లో కలిపింది ఇందుకోసమే. 2021 జూన్‌లో గోదావరిని 48 గేట్ల స్పిల్‌వే మీదుగా మళ్ళించారు. ఆ ఏటి వరదలో నిలిచిన వెనుకనీరు దేవీపట్నం మండలంలోని గ్రామాలను ముంచెత్తింది.

జలాశయం ఏర్పడితే పడవ విహారం మరింత సాఫీగా సాగుతుందని కొందరంటారు. అది నిజం కావచ్చు. నిలిచిన నీటిలో సుడులు తగ్గుతాయి, లోతు పెరుగుతుంది. కాని పారే నది చేసే ఇసుకతిన్నెను నిలిచిన నీరు చేయలేదు. ఇసుక జలాశయపు ఎగువ కొసలోనే దిగిపోతుంది, పాత తిన్నెలు అడుగున ఉండిపోతాయి. ఒడ్డున ఎత్తైన చోట కాంక్రీటుతో అతిథిగృహాలు కట్టవచ్చు. వాటిని ఏటా విప్పవలసిన పని ఉండదు. మైదానపు పునరావాస కాలనీలలో కొండరెడ్లకు పక్కా ఇళ్ళు ఇస్తున్నారు. ఆ ఇళ్ళ వెనుక వెదురు పొదలు లేవు. తడిక అల్లడం నేర్చిన చేతులు అక్కడ కూలిపనికి పోవాలి, లేదా వెదురును బజారులో కొనాలి.