తోడు ఉన్న చోటే సంతోషం: 45వ కీర్తనలోని రాజవివాహ ఊరేగింపు

బాగేపల్లి, చింతామణి ప్రాంతాలలో పెళ్లి సంబంధాలకు రాష్ట్ర సరిహద్దు ఏనాడూ అడ్డు కాలేదు. బాగేపల్లి ఆడపిల్ల హిందూపురం వైపు కోడలై వెళుతుంది. మదనపల్లె పరిసరాల పిల్ల చింతామణికి కోడలై వస్తుంది. చిక్కబళ్లాపురంలో కన్నడ బడిలో చదివిన అమ్మాయి అత్తవారింట తెలుగు వార్తాపత్రిక అక్షరాలు కూడబలుక్కోవలసి రావచ్చు. తెలుగు బడిలో చదివిన అమ్మాయి ఇక్కడ రేషన్ కార్డు మీది కన్నడం చదవలేక ఇబ్బంది పడవచ్చు. ఇల్లు మాత్రమే కాదు, లిపి కూడా మారే ప్రయాణమది.

అటువంటి ప్రయాణానికి సిద్ధమైన పిల్లతో పెద్దలు తరచుగా అనే మాట ఒకటుంది: "ఇక పుట్టింటిని మరచిపో." క్రైస్తవ కుటుంబాలలో కొందరు ఈ మాటకు ఆధారంగా బైబిలులోని 45వ కీర్తన పదవ వచనాన్ని చూపుతారు. అక్కడ రాణి కాబోయే యువతికి స్వజనాన్నీ, తండ్రి ఇంటినీ మరువుమన్న ఉపదేశం ఉన్న మాట వాస్తవమే. అయితే ఆ కీర్తన అక్కడ ఆగిపోదు. ఐదు వచనాల తరువాత, పదిహేనవ వచనంలో, వధువూ ఆమె చెలికత్తెలూ ఆనందోత్సాహాలతో రాజనగరులో ప్రవేశించే దృశ్యం వస్తుంది. ఈ వచనాన్ని హీబ్రూ మూలంలో పరిశీలిస్తే పదవ వచనాన్ని ఎలా చదవాలో కూడా తెలుస్తుంది.

పెళ్లి పాటగా ఒక కీర్తన

బైబిలులోని ఈ గ్రంథాన్ని తెలుగులో "కీర్తనలు" అనీ, కన్నడంలో "కీర్తనెగళు" అనీ అంటారు. చింతామణి తాలూకా కైవారంలో నారేయణ యతీంద్రులు తెలుగు, కన్నడ భాషలు రెండింటా కీర్తనలు రచించిన నేల ఇది. కనుక ఆ పేరు ఇక్కడి వారికి పరాయిది కాదు. మొత్తం 150 కీర్తనలలో 45వది విలక్షణమైనది. తక్కిన కీర్తనలలో అధికభాగం దైవాన్ని సంబోధిస్తాయి. ఇది ఒక రాజునూ, ఆయన వధువునూ సంబోధిస్తుంది. దీని శీర్షికలోనే ఇది ప్రేమగీతమని ఉంది. కోరహు కుమారులనే గాయక వర్గం పేరు కూడా ఉంది.

హీబ్రూ ప్రతులలో శీర్షికను మొదటి వచనంగా లెక్కిస్తారు. అందువల్ల తెలుగు, కన్నడ బైబిళ్లలోని 15వ వచనం హీబ్రూలో 16వది అవుతుంది. పోల్చి చదివేవారు ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

ఏ రాజు పెళ్లి కోసం ఈ పాట పుట్టిందో కీర్తన చెప్పదు. సొలొమోను ఫరో కుమార్తెను వివాహమాడిన సందర్భమని కొందరూ, తూరు పట్టణ ప్రస్తావన ఉన్నందున అహాబు, యెజెబెలుల వివాహమని మరికొందరూ ఊహించారు. క్రీ.పూ. 586 ప్రాంతంలో యెరూషలేము పతనమైన తరువాత అక్కడ దావీదు వంశపు రాజులు సింహాసనం మీద లేరు. కనుక ఈ పాట అంతకు ముందటిదని పలువురు పండితుల అభిప్రాయం.

వర్ణనలు మన పెళ్లిళ్లకు దూరమైనవేమీ కావు. రాజు వస్త్రాలకు సుగంధ ద్రవ్యాల వాసన, తంత్రీవాద్యాల నాదం, వధువుకు బంగారు అల్లికల దుస్తులు, రంగురంగుల బుట్టాపని ఉన్నాయి. శిడ్లఘట్ట పట్టుగూళ్ల మార్కెట్టును ఎరిగిన వారికి, జరీ చీర విలువ తెలిసిన వారికి ఈ వర్ణన సులభంగానే బోధపడుతుంది. దంతపు నగళ్ల మాట కూడా ఉంది. ఏనుగు దంతానికి హీబ్రూవారు వాడిన "షేన్" అనే మాటకు అసలు అర్థం పన్ను. మన "దంతం" కూడా అంతే కదా.

ఒకే క్రియ, రెండు దారులు

ఇక ఊరేగింపు వద్దకు వద్దాం. ఇక్కడ కవి వాడిన ప్రధాన క్రియ "తూవల్నా". ఇది కర్మణి ప్రయోగం. వారు వస్తున్నారని కాదు, వారిని ఎవరో తీసుకొని వస్తున్నారని అర్థం. గ్రాంథికంగా "తోడుకొని రాబడుదురు" అనవచ్చు. మన పల్లెలలో "పెళ్లికూతుర్ని పిలుచుకొని వచ్చినారు" అంటారు. కన్నడంలో "కరెదుకొండు బందరు" అన్నా అదే భావం.

ఈ ధాతువుకు బైబిలులో మరి రెండు ముఖ్యమైన ప్రయోగాలున్నాయి. యెషయా 53:7లో వధకు తీసుకొనిపోయే గొర్రెపిల్ల విషయంలో ఇదే ధాతువు వస్తుంది. యిర్మీయా 11:19లోనూ అంతే. మరోవైపు యెషయా 55:12లో చెరనుండి విడుదలై సంతోషంతో బయలుదేరి, సమాధానంతో నడిపించబడే ప్రజల విషయంలోనూ ఇదే ధాతువు వస్తుంది.

అనగా క్రియ ఒక్కటే. గొర్రెపిల్లనూ అలాగే తీసుకుపోతారు, విముక్తులైన వారినీ అలాగే తీసుకుపోతారు, వధువునూ అలాగే తీసుకుపోతారు. తీసుకుపోవడం ఎటువంటిదో క్రియ చెప్పదు. దానికి తోడుగా ఉన్న మాటలు చెబుతాయి. మన కీర్తనలో ఆ తోడు మాటలు రెండు: "సిమ్హా", "గీల్". మొదటిది సంతోషం. రెండవది ఉప్పొంగే ఉత్సాహం. పైగా "సిమ్హా"ను కవి బహువచనంలో వాడాడు. ఒక సంతోషం కాదు, సంతోషాలు.

సంతోషం ఎక్కడ మొదలవుతుంది?

పద్నాలుగవ, పదిహేనవ వచనాలను పక్కపక్కన ఉంచితే ఒక విశేషం కనిపిస్తుంది. పద్నాలుగవ వచనంలో ఇదే క్రియ ఏకవచనంలో ఉంది: అలంకరించిన వధువును రాజు వద్దకు తీసుకువస్తున్నారు. ఆ మాటతో సంతోషవాచకమేదీ లేదు. బట్టల వర్ణన మాత్రమే ఉంది. ఆ వెంటనే ఆమె వెనుక నడిచే కన్యకలు, ఆమె చెలికత్తెలు దృశ్యంలోకి వస్తారు. అప్పుడు క్రియ బహువచనమవుతుంది. ఆ బహువచనంతోనే సంతోషమన్న మాట వస్తుంది.

ఒంటరిగా ఉన్నప్పుడు ఆమెకు బంగారం ఉంది. తోడు కలిసినప్పుడు సంతోషం వచ్చింది. కీర్తన మొదటి భాగంలో తంత్రీవాద్యాలు రాజును సంతోషపెట్టినట్లు ఉంది. అక్కడా "సిమ్హా" ధాతువే. ఆడవారి పక్షాన ఆ మాట మొదటిసారి వినిపించేది పదిహేనవ వచనంలోనే.

ఈ బహువచనం స్త్రీలింగ బహువచనమన్నది మరో విశేషం. ఇక్కడ మన రెండు భాషల వ్యాకరణం ఉపయోగపడుతుంది. కన్నడంలో "బందళు" అంటే వచ్చినది స్త్రీ అని స్పష్టం. తెలుగులో "వచ్చింది" అంటే అది అమ్మాయి కావచ్చు, ఆవు కావచ్చు, బస్సు కావచ్చు. బహువచనానికి వస్తే రెండు భాషలూ సమానమే: "వచ్చారు", "బందరు" అన్నప్పుడు ఆడవారో మగవారో క్రియ తెలుపదు. హీబ్రూలో మాత్రం క్రియ చివరి "నా" అనే ప్రత్యయం ఆ గుంపు ఆడవారిదని తేటతెల్లం చేస్తుంది. అనువాదంలో చదివినవారు ఊరేగింపు మొత్తాన్ని, మగపెళ్లివారితో సహా, ఊహించుకొనే అవకాశం ఉంది. మూలంలో సంతోషం వధువుదీ, ఆమె చెలికత్తెలదీ. మన పెళ్లిళ్లలోని తోడిపెళ్లికూతురు ఈ చెలికత్తెలకు దగ్గరి బంధువనవచ్చు.

గడప వద్ద మారే క్రియ

వచనం రెండవ భాగంలో క్రియ "తెవోఎనా". ఇది కర్తరి ప్రయోగం: వారు ప్రవేశిస్తారు. అంతవరకు ఇతరులు తీసుకువచ్చారు. గడప దాటేది మాత్రం వారే. మన ప్రాంతంలో కొత్తకోడలిని ఎంతమంది పిలుచుకొని వచ్చినా, గడప మీది సేరు బియ్యాన్ని కుడికాలితో తోసి లోపల అడుగుపెట్టేది ఆమే. కవి వ్యాకరణం కూడా అదే క్రమాన్ని పాటించింది.

వారు ప్రవేశించే నగరును హీబ్రూలో "హేఖాల్" అంటారు. ఈ మాట ప్రాచీన మెసొపొటేమియా నుంచి వచ్చింది. సుమేరు భాషలో "ఎ" అంటే ఇల్లు, "గల్" అంటే పెద్దది. కన్నడంలో "దొడ్డమనె" అన్నట్లే. రాజును సూచించే "మెలెఖ్" అనే మాటకూ, ఉర్దూ ద్వారా మనకు పరిచయమైన "మాలిక్" అనే మాటకూ ధాతువు ఒక్కటే.

"మరచిపో" అన్న మాటకు సందర్భం

ఇప్పుడు పదవ వచనాన్ని చూద్దాం. పూర్వకాలపు రాజవివాహాలు రాజ్యాల మధ్య ఒప్పందాలు కూడా. పరదేశపు రాకుమార్తె రాణిగా వచ్చినప్పుడు ఆమె విధేయత పుట్టింటి రాజ్యం పట్ల ఉంటుందా, మెట్టినింటి రాజ్యం పట్ల ఉంటుందా అన్నది ఆస్థానానికి పెద్ద ప్రశ్న. ఆ ఉపదేశాన్ని ఆ సందర్భంలో చదవాలని పలువురు వ్యాఖ్యాతలు చెబుతారు. అది రాజనీతికి చెందిన మాటే గాని, కోడలు తల్లికి ఫోన్ చేయరాదనీ, పండుగకు పుట్టింటికి పోరాదనీ శాసించేది కాదు. పైగా బైబిలు మొదటి పుస్తకమైన ఆదికాండము 2:24 తల్లిదండ్రులను విడిచి భార్యను హత్తుకొనేది పురుషుడని చెబుతుంది. ఆ వచనాన్ని పక్కనబెట్టి ఈ వచనాన్ని మాత్రమే పెళ్లికూతురికి వినిపించడం న్యాయం కాదు.

పదమూడవ వచనానికి కూడా ఇటువంటి చరిత్రే ఉంది. రాజకుమార్తె వైభవం లోపల ఉందన్న భావం అక్కడ కనిపిస్తుంది. "పెనీమా" అనే ఆ మాటను ఆధారం చేసుకొని, ఆడవారి స్థానం ఇంటి లోపలే అని యూద సంప్రదాయంలో పలువురు వాదించారు. కానీ రెండు వచనాలు దాటితే అదే రాజకుమార్తె చెలికత్తెలతో కలిసి ఊరేగింపుగా సాగుతోంది. ఒక పాటలోని ఒక పాదాన్ని విడదీసి కొలబద్దగా వాడితే ఇలాంటి చిక్కులు వస్తాయి.

రెండు సంప్రదాయాల వ్యాఖ్యానం

యూద వ్యాఖ్యాతలు ఈ కీర్తనను కేవలం పెళ్లిపాటగా విడిచిపెట్టలేదు. కీర్తనల అరామిక్ అనువాదం ఇక్కడి రాజును మెస్సీయగా గ్రహించింది. 1105లో మరణించిన ఫ్రాన్సు దేశపు పండితుడు రాషీ దీనిని ధర్మశాస్త్ర పండితుల స్తుతిగా వివరించాడు. క్రైస్తవులకు హెబ్రీ పత్రిక 1:8-9 మార్గదర్శి. అక్కడ ఈ కీర్తనలోని రాజస్తుతి క్రీస్తుకు అన్వయించబడింది. అందువల్ల వధువు సంఘమైంది, ఊరేగింపు విశ్వాసుల ప్రయాణమైంది.

ఊరేగింపును గౌరవించడం యూదులకు ఆచారంగానూ నిలిచింది. వధువును వివాహ మంటపానికి తోడుకొనిపోవడం వారికి పుణ్యకార్యం. దారిలో శవయాత్ర, పెళ్లి ఊరేగింపు ఎదురైతే పెళ్లి ఊరేగింపుకే దారి ఇవ్వాలని తాల్ముదు చెబుతుంది. అగ్రిప్ప అనే రాజు ఒక పెళ్లికూతురి ఊరేగింపుకు తానే పక్కకు తొలగి దారి ఇచ్చాడనీ, పండితులు ఆయనను మెచ్చుకొన్నారనీ కూడా అక్కడ ఉంది. రాజనగరుకు వెళ్లే వధువు గురించి కీర్తన పాడితే, సాధారణ వధువుకు రాజే దారి విడిచాడన్నమాట.

హీబ్రూ చదువు తెలుగువారికి అందని వస్తువేమీ కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపంలోని కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే తెలుగు సమాజం యూద ధర్మాన్ని ఆచరిస్తూ హీబ్రూ ప్రార్థనలు నేర్చుకొంటోంది. ఈ సమాజంపై యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ రాసిన పరిశోధన గ్రంథం 2013లో వెలువడింది. మనకు దగ్గరలో, బెంగళూరులో 1910లో ఏర్పడిన యునైటెడ్ థియలాజికల్ కాలేజీ బైబిలు మూలభాషల అధ్యయనానికి పేరొందినది.

మన ఇళ్లకు ఈ వచనం

నంది గ్రామంలోని భోగనందీశ్వరాలయ కల్యాణ మంటపాన్ని చూసినవారికి, పెళ్లిని పవిత్రంగా భావించడం ఏ ఒక్క మతానికో పరిమితం కాదని తెలుసు. అందుచేత ఈ హీబ్రూ వచనం చెప్పే సంగతి క్రైస్తవులకే కాక ఆడపిల్లను అప్పగించే ప్రతి ఇంటికీ పనికివస్తుంది.

మెరవణి ఘనంగా జరగాలని అప్పులు చేసే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ కీర్తనలోనూ బంగారం ఉంది, కాదనలేము. కానీ సంతోషమన్న మాటను కవి బంగారం పక్కన పెట్టలేదు. చెలికత్తెల పక్కన పెట్టాడు. వాద్యాలు ఆ రాత్రితో ఆగిపోతాయి. కొత్త ఊరిలో, కొత్త లిపి మధ్య మొదటి సంవత్సరం గడపవలసిన పిల్లకు ఆ తరువాత కావలసింది తోడు. అక్కచెల్లెళ్లు, స్నేహితురాళ్లు వచ్చి పోయే వీలు ఉండాలి. పుట్టింటితో మాట తెగకూడదు. అత్తవారింట ఆమెకు కన్నడమో తెలుగో ఓపికగా నేర్పే ఆడబిడ్డ ఒకరుండాలి. అవి లేనప్పుడు పిలుచుకొనిపోవడం అన్న క్రియకు రెండవ అర్థం, గొర్రెపిల్ల అర్థం, ఎంత దూరంలోనూ ఉండదు.

కనుక పెళ్లిలో 45వ కీర్తన చదివే పెద్దలు పదవ వచనం వద్ద ఆగకుండా పదిహేనవ వచనం దాకా చదవాలి. చదివిన తరువాత, వధువు వెంట నడిచేవారు ఎవరో, మరుసటి నెలలో ఆమెను చూడడానికి వెళ్లేవారు ఎవరో ఇరువైపుల వియ్యంకులూ కూర్చొని ముందుగానే మాట్లాడుకోవాలి.