టాక్ట్ సమయం

టాక్ట్ సమయం అనగా వినియోగదారుల గిరాకీ తీరాలంటే కర్మాగారం నుండి ఎంతసేపటికొక వస్తువు తయారై రావాలో తెలిపే కొలత. జర్మన్ భాషలో టాక్ట్ అంటే తాళం, లయ. 1930లలో జర్మనీ విమాన కర్మాగారాలలో వాడిన ఈ పద్ధతిని తరువాత జపానుకు చెందిన టయోటా సంస్థ తన ఉత్పత్తి విధానంలో ముఖ్యభాగం చేసుకొంది.

లెక్కించే విధానం

పనికి లభించే సమయాన్ని ఆ సమయంలో కావలసిన వస్తువుల సంఖ్యతో భాగించాలి. ఉదాహరణకు ఒక టమోటా సాస్ కర్మాగారంలో విరామం పోగా రోజుకు 450 నిమిషాల పని సమయం ఉండి, 900 పెట్టెల సాస్ కావాలనుకొందాం. అప్పుడు టాక్ట్ సమయం 30 సెకన్లు. పెట్టెకు 40 సెకన్లు పడితే 675 మాత్రమే తయారై, 225 తక్కువవుతాయి. 20 సెకన్లకే తయారైతే 450 పెట్టెలు అమ్ముడుపోక మిగులుతాయి. కనుక వేగాన్ని నిర్ణయించేది యంత్రం కాదు, గిరాకీ.

పరిమితులు

ముడిసరుకు నిలకడగా అందనిచోట ఈ సూత్రం ఒక్కటే చాలదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో టమోటా విరివిగా పండుతుంది. సాస్‌కు గిరాకీ ఏడాది పొడవునా ఉన్నా, కాయలు మాత్రం కొన్నాళ్ళు వెల్లువలా వచ్చి త్వరగా చెడిపోతాయి. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో కిలో ధర 100 రూపాయలు దాటింది. ధర పడిపోయినపుడు కోత కూలి కూడా రాక రైతులు పంటను పారబోసిన సందర్భాలూ ఉన్నాయి. అందువలన గుజ్జు తీసే విభాగం పంట రాకను బట్టి, సాస్ నింపే విభాగం గిరాకీని బట్టి నడవాలి. ఈ రెండింటి మధ్య తేడాను నిల్వ ఉంచిన గుజ్జు సర్దుతుంది.